గ్రంథం తెలిసినవారి ద్రోహం

అల్లాహ్‌ను స్తుతిస్తూ, ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వ సల్లం)పై, ఆయన కుటుంబీకులపై, సహచరులపై దరూద్ సలాములు పంపుతూ ఈ ప్రసంగాన్ని ప్రారంభిస్తున్నాను. ధార్మిక సోదరులారా! అల్లాహ్ పట్ల భయభక్తులు కలిగి ఉండవలసిందిగా ముందుగా నాకు నేను, ఆ తరువాత మీకు ఉపదేశించుకుంటున్నాను.

ఈ రోజు మన క్రైస్తవ సోదరులు శుభ శుక్రవారంగా పాటించే రోజు. మధ్యాహ్నం పన్నెండు నుండి మూడు గంటల వరకు వారి చర్చీలలో ప్రసంగాలు సాగుతాయి. మన జుమా వేళ కూడా ఇదే. మీలో చాలామంది వారితో కలిసి ఉద్యోగాలు చేస్తున్నారు, వారి పాఠశాలల్లో మీ పిల్లలు చదువుకుంటున్నారు, వారి ఇళ్లకు మీకు రాకపోకలున్నాయి. కనుక యూదా ఇస్కరియోతు, కయప, పిలాతు అనే పేర్లు మీకు కొత్తవి కావు. ఈ వృత్తాంతం వారిది, మనకేమి సంబంధం అని ఎవరైనా అనుకుంటే అది పొరపాటు. హజ్రత్ ఈసా (అలైహిస్సలాం)ను దైవప్రవక్తగా విశ్వసించనివాడు ముస్లిం కాజాలడు. ఆయన తల్లి హజ్రత్ మర్యమ్ (అ) పేరిట దివ్య ఖుర్ఆన్‌లో ఒక సూరా ఉంది. ఆయనపై పన్నిన కుట్ర మన ప్రవక్తపై పన్నిన కుట్రే.

విశ్వాసానికి సంబంధించిన మాట ఒకటి ముందే చెప్పి ముందుకు సాగుతాను. హజ్రత్ ఈసా (అ)ను వారు చంపలేదని, శిలువ వేయలేదని, వారికి విషయం సందిగ్ధం చేయబడిందని, అల్లాహ్ ఆయన్ను తన వైపునకు లేపుకున్నాడని నిసా సూరా 157, 158 ఆయతులు తెలుపుతున్నాయి. మన విశ్వాసం ఇదే. ఇందులో మనకు, క్రైస్తవులకు మధ్య భేదం ఉంది. దానిని దాచవలసిన పని లేదు, దాని పేరుతో వీధిలో వాదులాడవలసిన పని అంతకన్నా లేదు. ఆయన స్థానంలో పట్టుబడింది ఎవరన్న ప్రశ్నకు వ్యాఖ్యాతలు భిన్న ఉల్లేఖనాలు తెచ్చారు. పట్టియిచ్చిన ద్రోహికే ఆ రూపం కలిగిందని కొందరన్నారు. కాదు, ఒక యువ శిష్యుడు తనంత తానుగా ముందుకు వచ్చి ఆ స్థానాన్ని కోరుకున్నాడని హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) ద్వారా వచ్చిన ఉల్లేఖనం చెబుతోంది. ఖుర్ఆన్ పేరు చెప్పలేదు. ఖుర్ఆన్ ఆగిన చోట మనమూ ఆగుదాం. మన యువకులు కొందరు బర్నబా సువార్త అనే పుస్తకాన్ని ఫోన్లలో ఒకరికొకరు పంపుకుంటూ, అందులో యూదాయే శిలువపై చనిపోయాడని ఉందని సంబరపడుతుంటారు. ఆ పుస్తకానికి వియన్నా గ్రంథాలయంలో ఉన్న ఇటాలియన్ వ్రాతప్రతి పదహారవ శతాబ్దపు చివరి కాలం నాటిదని పరిశోధకులు చెబుతున్నారు. చేతిలో అల్లాహ్ గ్రంథం ఉన్నవారికి అటువంటి ఊతకర్ర అవసరం లేదని నా అభిప్రాయం.

ఇక శిలువ విషయంలో భేదమున్నా, కుట్ర జరిగిందన్న విషయంలో రెండు గ్రంథాలకూ భేదం లేదు. ఆలి ఇమ్రాన్ సూరా 52 నుండి 54 వరకు చదవండి. తన జాతివారిలో తిరస్కారాన్ని పసిగట్టిన హజ్రత్ ఈసా (అ), అల్లాహ్ మార్గంలో నాకు తోడ్పడేవారెవరు అని అడిగారు. హవారీలు మేమున్నామన్నారు. ఆ వెంటనే కుట్ర ప్రస్తావన వస్తుంది: వారు ఒక పన్నాగం పన్నారు, అల్లాహ్ తన వ్యూహం తాను రచించాడు. సరిగ్గా ఇటువంటి మాటే మన ప్రవక్త (స) విషయంలో అన్ఫాల్ సూరా 30వ ఆయతులో వచ్చింది. అక్కడ మక్కా సర్దారులు దారున్నద్వాలో సమావేశమయ్యారు. ఇక్కడ యెరూషలేములో ప్రధాన యాజకులు సమావేశమయ్యారు. అయితే ఒక తేడా గమనించాలి. మక్కావారి చేతిలో గ్రంథం లేదు. యెరూషలేములో సమావేశమైనవారి చేతిలో తౌరాతు ఉంది. ఈనాటి నా ప్రసంగమంతా ఈ తేడా గురించే.

హజ్రత్ ఈసా (అ)ను పట్టించాలని చూసినవారు త్రాగుబోతులు కారు, దొంగలు కారు, దేవుణ్ణి ఎరుగని విగ్రహారాధకులు కారు. వారు ఆలయ పెద్దలు. దైవగ్రంథాన్ని కంఠస్థం చేసినవారు. వారిలో ముఖ్యుడు కయప. క్రీ.శ. 18 ప్రాంతం నుండి 36 ప్రాంతం వరకు ప్రధాన యాజకుడిగా ఉన్నాడు. అతని మామ అన్న కూడా అంతకు ముందు అదే పదవిలో ఉన్నవాడే. అన్న కుమారులు ఐదుగురూ వేర్వేరు సమయాల్లో ఆ పదవిలో కూర్చున్నారని మొదటి శతాబ్దపు యూద చరిత్రకారుడు జోసీఫస్ వ్రాశాడు. అనగా దైవసేవ ఒక కుటుంబపు ఆస్తి అయిపోయింది. ఆ పదవిని ఇచ్చేది ఎవరు? అల్లాహ్ కాదు, ప్రజలు కారు, పండితులు కూడా కారు. రోము ప్రభుత్వ అధికారి ఇచ్చేవాడు. కయపను నియమించిన వలేరియస్ గ్రాటస్ అనే అధికారి, అతనికి ముందు కొద్ది సంవత్సరాల్లోనే ముగ్గురిని నియమించి ముగ్గురినీ తొలగించాడు. అటువంటి కుర్చీలో కయప ఇంచుమించు పద్దెనిమిది సంవత్సరాలు నిలిచాడంటే, పై అధికారి మనసెరిగి నడచుకోవడంలో ఎంతటి నేర్పరియో మీరే ఊహించుకోండి.

జోసీఫస్ వ్రాసిన మరొక విషయం చదివినప్పుడు నా మనసు చాలాసేపు అక్కడే నిలిచిపోయింది. ప్రధాన యాజకుడు పండుగ దినాల్లో ధరించే పవిత్ర వస్త్రాలు ఆలయంలో ఉండేవి కావు. ఆలయం ప్రక్కనే ఉన్న ఆంటోనియా కోటలో, రోము సైనికుల కాపలాలో, తాళంలో ఉండేవి. పండుగ వచ్చినప్పుడు బయటికి ఇచ్చేవారు. పండుగ కాగానే తిరిగి లోపల పెట్టించుకునేవారు. ఆలోచించండి సోదరులారా! అల్లాహ్ సన్నిధిలో నిలబడటానికి తొడుక్కునే అంగీ పాలకుని తాళం క్రింద ఉన్నప్పుడు, ఆ అంగీలో నిలబడినవాడి నాలుక ఎవరి తాళం క్రింద ఉంటుంది?

ఈ నేపథ్యంలో హజ్రత్ ఈసా (అ) యెరూషలేముకు వచ్చారు. సువార్తల కథనం ప్రకారం ఆయన ఆలయ ప్రాంగణంలోకి వెళ్లి, నాణేలు మార్చేవారి బల్లలను పడద్రోశారు. ఆ బల్లలు అక్కడ ఎందుకున్నాయో తెలిస్తేనే శత్రుత్వం ఎక్కడ పుట్టిందో తెలుస్తుంది. ప్రతి యూదుడు ఏటా ఆలయానికి అర షెకెలు పన్ను కట్టాలి. ఆ పన్ను తూరు పట్టణపు మంచి వెండి నాణెంలోనే స్వీకరించేవారు. దూర ప్రాంతాల నుండి వచ్చిన యాత్రికుడి దగ్గర ఏ నాణెం ఉన్నా దానిని అక్కడ మార్చుకోవలసిందే, మార్చినందుకు రుసుము ఇవ్వవలసిందే. బలి పావురాన్ని అక్కడే కొనవలసిందే. ఒక పేద విధవరాలు అల్లాహ్ ఇంటికి వస్తే, ఆమెకూ అల్లాహ్‌కూ మధ్య ఇన్ని బల్లలు. హజ్రత్ ఈసా (అ) ఆ బల్లలను తాకినంతనే పండితులకు ఆయన బోధలో లోపాలు కనిపించసాగాయి. అంతకుముందు గలిలయ గ్రామాల్లో ఆయన రోగులను స్వస్థపరుస్తూ తిరిగినప్పుడు చర్చలు జరిగాయి, విమర్శలు జరిగాయి. కాని యెరూషలేము పెద్దలు రాత్రికి రాత్రి మనుషులను పంపింది ఆ తరువాతనే.

కయప చెప్పిన సమర్థన యోహాను సువార్తలో ఉంది. జాతి అంతా నశించడం కన్నా ప్రజల కొరకు ఒక్క మనిషి చావడం మేలు కదా అన్నది దాని సారాంశం. వినడానికి ఎంత వివేకంగా ఉంది! నిజానికి రోము సైన్యం క్రూరమైనది. అల్లరి జరిగితే ఊళ్లను తగలబెట్టగలదు. కయప భయం పూర్తిగా కల్పితం కాదు. ద్రోహం ఎన్నడూ ద్రోహమనే పేరుతో రాదు, సమాజ శ్రేయస్సు అనే పేరుతో వస్తుంది. ఒక నిరపరాధిని అప్పగించడం ధర్మమా అన్న ప్రశ్నను ఆ సభలో ఎవరూ అడగనీయలేదు. ఎంతమందికి లాభం అన్న లెక్క మాత్రమే వేశారు. సాక్షులను తెచ్చారు, వారి సాక్ష్యాలు ఒకదానితో ఒకటి పొసగలేదని మార్కు సువార్త చెబుతోంది. ఇద్దరు సాక్షుల మాట కలవనిదే మరణశిక్ష లేదని తౌరాతు ఆదేశం. ఆ ఆదేశాన్ని ప్రజలకు బోధించేది వారే.

మరునాటి ఉదయం జరిగినది చూడండి. ఆయన్ను రోము అధికారి పిలాతు మందిరానికి తీసుకువెళ్లారు. కాని లోపలికి అడుగుపెట్టలేదు. ఎందుకు? అన్యజాతివాడి గడప తొక్కితే మైలపడతామని, ఆ మైలతో పస్కా భోజనం తినకూడదని. పిలాతే బయటికి వచ్చి మాట్లాడవలసి వచ్చింది. ఒక ప్రవక్త రక్తం విషయంలో మైల పట్టింపు లేదు. గడప విషయంలో ఉంది. ఫిఖహ్ చదివిన నావంటివారు ఈ దృశ్యాన్ని పదే పదే తలచుకోవాలి. పరిశుభ్రత నియమాలను అపహాస్యం చేయడం నా ఉద్దేశం కాదు, మనకూ వుజూ ఉంది, తహారత్ ఉంది. నియమాన్ని పాటిస్తున్న ఆ తృప్తే వారి కళ్లకు గంతలు కట్టిందని మాత్రమే చెబుతున్నాను.

ఇక యూదా ఇస్కరియోతు. హవారీలను ఖుర్ఆన్ గౌరవంతో ప్రస్తావించింది. సఫ్ సూరా చివరి ఆయతులో వారిని మనకు ఆదర్శంగా చూపింది. వారిలో ఒక ద్రోహి ఉన్నాడని ఖుర్ఆన్ చెప్పలేదు. కాబట్టి ఇతని వృత్తాంతాన్ని సువార్తల కథనంగానే చెబుతున్నాను. పన్నెండుమంది శిష్యుల డబ్బు సంచి అతని వద్ద ఉండేదని, అందులోనిది అతడు దొంగిలించేవాడని యోహాను వ్రాశాడు. అంటే ముప్పై వెండి నాణేలు అతని మొదటి ద్రోహం కాదు. సంచిలో నుండి ఒకటి రెండు నాణేలు ఎవరూ చూడకుండా తీసుకోవడంతో మొదలైంది. ఆ ముప్పై అనే సంఖ్య కూడా తౌరాతులో ఉన్నదే: ఒకరి ఎద్దు మరొకరి దాసుణ్ణి పొడిస్తే ఆ యజమానికి ఇవ్వవలసిన పరిహారం ముప్పై తులాల వెండి. యాజకులకు ఈ సంగతి తెలియకపోదు. ఒక ప్రవక్తకు వారు కట్టిన వెల అది.

చీకటిలో సైనికులు ఆయన్ను గుర్తించడానికి యూదా ఏర్పరచిన గుర్తు ఏమిటి? గురువును ముద్దుపెట్టుకోవడం. అభివాదమే ఆయుధమైంది. మన ధర్మంలో సలాము ఒక హామీ: నా చేతి నుండి, నా నాలుక నుండి నీకు కీడు లేదని ఒకడు మరొకడికి ఇచ్చే మాట. వాకిట్లో సలాము చెప్పి, సందు తిరగ్గానే అదే మనిషి గుట్టు అమ్ముకునేవాడు చేసే పని ఏ కోవకు చెందుతుందో మీరే నిర్ణయించండి. మాట్లాడితే అబద్ధమాడటం, వాగ్దానం చేస్తే తప్పడం, అమానతు అప్పగిస్తే ద్రోహం చేయడం కపటి చిహ్నాలని దైవప్రవక్త (స) తెలిపిన హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉంది.

యూదా తరువాత పశ్చాత్తాపపడి ఆ నాణేలను తిరిగి తెచ్చాడని మత్తయి వ్రాశాడు. నిరపరాధిని అప్పగించానని ఒప్పుకున్నాడు. సోదరులారా! ఒక పాపి ఏడుస్తూ ధార్మిక పెద్దల వద్దకు వచ్చాడు. తౌబా మార్గం చూపవలసినవారు వారే. వారు మాకేమి, అది నీ వ్యవహారం అన్నట్లు ముఖం త్రిప్పుకున్నారు. అతడు నాణేలను ఆలయంలో విసిరివేసి వెళ్లి ఉరివేసుకున్నాడు. అప్పుడు వారు ఆ నాణేలను ఏరుకుని కూర్చుని ఒక ధర్మసందేహాన్ని చర్చించారు: ఇది రక్తపు సొమ్ము, దీనిని ఆలయ ఖజానాలో వేయవచ్చునా? వేయరాదని తేల్చారు. పరదేశులను పాతిపెట్టడానికి ఒక కుమ్మరివాని పొలం కొన్నారు. ఫత్వా సరైనదే! సొమ్ము అపవిత్రమని వారు చక్కగా గుర్తించారు. ఆ సొమ్ము ఏ చేతుల నుండి బయలుదేరిందో మాత్రం ఒక్కరూ అడగలేదు.

ఇక్కడ ఒక హెచ్చరిక చేయకపోతే ఈ ప్రసంగం మేలుకు బదులు కీడు చేస్తుంది. మన తెలుగులో ఆ శిష్యుని పేరు యూదా, ఆ జాతి పేరు యూదులు. రెండు మాటలూ ఒకేలా వినిపించడం వలన, ద్రోహం ఒక మనిషిదా లేక ఒక జాతిదా అన్న తేడా వినేవారి చెవిలో చెరిగిపోతుంది. ఐరోపాలో అలా చెరిగిపోయిన ఫలితాన్ని చరిత్ర చూసింది. ఈ వృత్తాంతాన్ని ఆధారం చేసుకుని శతాబ్దాల తరబడి యూదులందరినీ ప్రవక్త హంతకులన్నారు. 1096లో శిలువ యుద్ధానికి బయలుదేరిన మూకలు దారిలో రైన్ నదీ తీర పట్టణాల్లోని యూద కుటుంబాలను ఊచకోత కోశాయి. ఆనాటి చర్యలకు యూదులందరినీ గాని, ఈనాటి యూదులను గాని బాధ్యులను చేయరాదని కేథలిక్ సంఘం అధికారికంగా ప్రకటించడానికి 1965 దాకా పట్టింది.

మన గ్రంథం ఈ విషయంలో మనల్ని చీకటిలో వదలలేదు. హజ్రత్ ఈసా (అ) ఏ జాతివారు? బనీ ఇస్రాయీల్. ఆయన హవారీలు? బనీ ఇస్రాయీల్. హజ్రత్ మర్యమ్, హజ్రత్ జకరియ్యా, హజ్రత్ యహ్యా (అలైహిముస్సలాం)? వారూ అంతే. శత్రువులు ఆ జాతివారే, మిత్రులూ ఆ జాతివారే. ఆ మహాసభలోనే నీకొదేము అనే పెద్దమనిషి, ఒకని మాట వినకుండా మన ధర్మశాస్త్రం తీర్పు చెబుతుందా అని నిలదీశాడు. అరిమతయియ యోసేపు అనే మరొక సభ్యుడు వారి తీర్మానానికి సమ్మతించలేదు. హేరోదు నిన్ను చంపజూస్తున్నాడు, ఇక్కడ నుండి వెళ్లిపొమ్మని హజ్రత్ ఈసా (అ)ను హెచ్చరించింది కూడా కొందరు పరిసయ్యులే. గ్రంథ ప్రజలందరూ ఒక్కటి కారని ఆలి ఇమ్రాన్ 113వ ఆయతు స్పష్టం చేసింది. అదే సూరా 75వ ఆయతులో అల్లాహ్ తెలిపిన సంగతి చూడండి: వారిలో ధనరాశిని అప్పగించినా తిరిగి ఇచ్చేవాడున్నాడు, ఒక్క దీనారు అప్పగించినా ఇవ్వనివాడున్నాడు. మొదట ప్రస్తావించింది నమ్మకస్తుణ్ణే.

నిసా సూరాలోనే 105వ ఆయతు నుండి కొన్ని ఆయతులు అవతరించిన సందర్భాన్ని వ్యాఖ్యాతలు వ్రాశారు. మదీనాలో ముస్లింగా చెలామణి అవుతున్న ఒకడు ఒక కవచాన్ని దొంగిలించాడు. పట్టుబడే సూచన కనిపించగానే నేరాన్ని ఒక యూదుని మీదకు నెట్టాడు. అతని వంశంవారు వచ్చి తమవాడి పక్షాన గట్టిగా వాదించారు. మనవాడు, కలిమా చదివినవాడు, అవతలివాడు యూదుడు. తీర్పు ఎటు పోతుందని వారు అనుకున్నారో వేరే చెప్పనక్కరలేదు. అల్లాహ్ ఏడు ఆకాశాల పైనుండి ఆయతులు అవతరింపజేసి ఆ యూదుణ్ణి నిర్దోషిగా నిలబెట్టాడు, ద్రోహుల పక్షాన వకాల్తా పుచ్చుకోవద్దని హెచ్చరించాడు. హజ్రత్ ఈసా (అ)పై కుట్రను ఖండించిన సూరాయే ఒక నిర్దోషి యూదుని గౌరవాన్ని కాపాడింది. ఫలస్తీనా వార్తలు విని మన గుండెలు మండుతున్న ఈ రోజుల్లో మన నోటి నుండి వచ్చే మాటలను ఈ ఆయతులతో తూచుకోవాలి. దౌర్జన్యం చేసేవాణ్ణి దౌర్జన్యపరుడనండి. వాడి తాతముత్తాతలను, లోకంలోని వాడి జాతినంతటినీ అందులోకి ఈడ్చకండి. ఒకరి బరువును మరొకరు మోయరన్నది అన్ఆమ్ సూరా 164వ ఆయతు బోధ.

అల్లాహ్ మనందరినీ క్షమించుగాక!

(రెండవ ఖుత్బా)

సోదరులారా! పండితుల్లో, సన్యాసుల్లో చాలామంది ప్రజల సొమ్మును అక్రమంగా తింటారని తౌబా సూరా 34వ ఆయతులో ఉంది. ఆ ఆయతు ఎవరిని సంబోధిస్తూ మొదలవుతుంది? విశ్వాసులను. ఇతరుల పండితుల జబ్బును మనకెందుకు చెప్పినట్లు? మనకు సోకగలదు గనుక. పూర్వీకుల మార్గాన్ని మీరు జానెడుకు జానెడు, మూరెడుకు మూరెడు అనుసరిస్తారని, వారు ఉడుము బొరియలో దూరితే మీరూ దూరుతారని దైవప్రవక్త (స) హెచ్చరించిన హదీసు మీరు ఎన్నోసార్లు విన్నారు. నేను మదరసాలో చదివే రోజుల్లో మా ఉస్తాదు ఒకరు, అల్లాహ్ ఆయన సమాధిని కాంతిమయం చేయుగాక, జుముఆ సూరాలో గ్రంథాలు మోసే గాడిద ఉపమానం వచ్చినప్పుడు పాఠం ఆపి, వరుసగా మా ముఖాలు చూసేవారు. ఏమీ అనేవారు కాదు. తరువాత మళ్లీ చదవమనేవారు.

మన చరిత్రలో ఆ తాళంలోని అంగీని తొడుక్కోనివారు ఉన్నారు. ఖలీఫా మన్సూర్ ఇవ్వజూపిన ఖాజీ పదవిని ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) కాదన్నారు, చెరసాల పాలయ్యారు, హిజ్రీ 150లో మరణించారు. ఇమామ్ అహ్మద్ బిన్ హంబల్ (రహ్మ) కొరడా దెబ్బలు తిన్నారు. ఆయన్ను విచారించిన దర్బారులో ప్రధాన ఖాజీగా కూర్చున్న అహ్మద్ బిన్ అబీ దుఆద్ కూడా గొప్ప పండితుడే. పాలకుని మాటకు తలవంచిన పండితుల జాబితా పొడవైనది. ఆ పేర్లు ఇక్కడ చదవవలసిన అవసరం లేదు.

మన మధ్యకు వద్దాం. కోటలో ఉండే రోము అధికారి మనకు లేడు. మన బల్లలు చిన్నవి. ఒక ఊరిలో వక్ఫ్ దుకాణం ముతవల్లీగారి బంధువు చేతిలో ఏనాటిదో పాత అద్దెకే ఉంటుంది. ప్రక్క దుకాణం అద్దె దానికి ఎన్నో రెట్లు. దీనిని గురించి మింబరు మీద నుండి మాట వినిపించదు. ఆడపిల్లలకు ఖుర్ఆన్ నిర్ణయించిన ఆస్తి వాటా ఇవ్వని పెద్దమనిషి ఇఫ్తార్ విందు ఇస్తే ముందు వరుసలో కూర్చునేది మేమే. అన్నిటికన్నా నన్ను బాధించేది నికాహ్ సభ. మెహర్ ఎంతో స్పష్టంగా పలకాలని పట్టుబడతాము, సాక్షులు ఇద్దరున్నారా అని చూస్తాము, పెండ్లికుమారుని ఉంగరం బంగారమైతే తీయించి వేస్తాము. మంచిదే. అంతకు నెల రోజుల ముందు పిల్ల తండ్రి ఇల్లు తాకట్టు పెట్టి ఇచ్చిన జోడే కీ రఖమ్ గురించి మాత్రం మాకు ఏమీ తెలియనట్లు కూర్చుంటాము. గడప మైల అంటించుకోకుండా బయట నిలబడిన ఆ యాజకులకూ, ఉంగరం తీయించి రఖమ్‌ను చూడనివారికీ ఎంత దూరం ఉంది?

కాబట్టి నా విషయం చెబుతున్నాను. రఖమ్ ఇచ్చిపుచ్చుకున్నారని తెలిసిన నికాహ్‌లో నేను ఖుత్బా చదవను. ఇరువైపులవారు వచ్చి లేదని నా ఎదుట చెప్పిన తరువాతనే తేదీ ఇస్తాను. అబద్ధం చెబితే అది వారికీ అల్లాహ్‌కూ మధ్య. ఈ మాట మన కమిటీ పెద్దలకు క్రిందటి వారమే తెలియజేశాను. కొందరు సంతోషించారు. కొందరు, హజ్రత్, జనం వేరే మస్జిదుకు వెళ్లిపోతారు, చందాలు తగ్గుతాయి, మస్జిదు మేలు కూడా చూడాలి కదా అన్నారు. వారి చిత్తశుద్ధిని నేను శంకించను. చందాలు నిజంగానే తగ్గవచ్చు. నా జీతం కూడా ఆ చందాలలో నుండే వస్తుంది. కాని ఎంతమందికి లాభం అన్న లెక్కను మనం ఇంతకు ముందే ఒకచోట విన్నాము, యెరూషలేములో. వారికి ఒక విన్నపం కూడా చేశాను: మస్జిదు డబ్బు సంచి ఎవరి వద్ద ఉన్నా, ప్రతి నెలా జమాఖర్చులు వుజూ ఖానా ప్రక్క గోడకు అంటించాలని. ఇది ఎవరినో అనుమానించి కాదు. సంచి పట్టుకున్నవాడిని షైతాను నుండి కాపాడే ఉపాయం అది. వచ్చే నెల మొదటి జుమా నుండి ఆరంభిద్దామని వారు అంగీకరించారు. అల్లాహ్ వారికి ప్రతిఫలం ప్రసాదించుగాక.

మీరు కూడా ఒక్క విషయం మీ ఇళ్లలో చూసుకోండి. మన ప్రవక్త (స)ను చంపడానికి మక్కావారు ఇంటిని చుట్టుముట్టిన రాత్రి, అదే మక్కావారు దాచుకున్న సొమ్ము ఆయన వద్ద ఉంది. ప్రాణం తీయవచ్చినవారి సొమ్ము! దానిని తీసుకుని మదీనా వెళ్లిపోతే ప్రపంచంలో ఎవరూ తప్పుపట్టేవారు కారు. ఆయన హజ్రత్ అలీ (రజి)ని వెనుక ఉంచారు, ఎవరిది వారికి అప్పగించి రమ్మన్నారు. హజ్రత్ అలీ అలాగే చేసి ఆ తరువాతనే బయలుదేరారు. మీ బీరువాలో, మీ ఖాతాలో, మీ ఫోనులో ఎవరి అమానతు ఉంది? చెల్లెలి వాటా ఉందా, భాగస్వామి లెక్క ఉందా, స్నేహితుడు నమ్మి చెప్పిన గుట్టు ఉందా? అది గిట్టనివాడిదైనా సరే, ఈ రాత్రి నిద్రకు ముందు లెక్క చూసుకోండి.

ఓ అల్లాహ్! నీ ప్రవక్త ఈసా (అ) పిలుపు విని మేమున్నామని లేచి నిలిచినవారితో మమ్మల్ని లేపు. మా పండితుల నాలుకలను పాలకుల తాళాల నుండి, ధనవంతుల విందుల నుండి విడిపించు. ఏడుస్తూ వచ్చిన పాపిని మా గడప నుండి నిరాశతో పంపే కఠిన హృదయాన్ని మాకు ఇవ్వకు. రఖమ్ సమకూడక ఇంట్లో కూర్చుని ఉన్న మా బిడ్డలకు నీ వద్ద నుండి మార్గం తెరువు. మా పొరుగున ఈ రోజు ప్రార్థిస్తున్న క్రైస్తవ సోదరులకు, మాకు సన్మార్గాన్ని, శాంతిని ప్రసాదించు. ఎక్కడ దౌర్జన్యానికి గురవుతున్నా, ఏ జాతివారైనా, ఆ పీడితులకు నీవే రక్షకుడవుగా ఉండు. ఆమీన్.

నమాజు కొరకు లేచి వరుసలు సరిచేసుకోండి.